పిన్ను పట్టినంత మాత్రాన పెట్టేయొద్దు: కీబోర్డుకి సరిపడే అడాప్టర్ ఏది?

అమ్మా, నమస్కారం. నరసన్నపేట నుంచి మీరు అడిగినది ఇదీ. పెద్దబ్బాయి వాడి వదిలేసిన పాత కాసియో మ్యూజిక్ కీబోర్డుని ఇప్పుడు పాప నేర్చుకుంటానంటే అటక మీంచి దింపారు. ఇల్లు మారినప్పుడు దాని అడాప్టర్ పోయింది. కీబోర్డు అడుగున "డీసీ 9 వోల్టులు, ఏడీ-5" అని ఉంది (ఏడీ-5 అంటే దాని అడాప్టర్ మోడల్ పేరు), పక్కనే నడిమి చుక్కకి మైనస్, చుట్టూ ఉన్న అర్ధచంద్రాకారానికి ప్లస్ చూపించే చిన్న బొమ్మ ఉంది. ఇంట్లో మరో నాలుగు అడాప్టర్లున్నాయి. ఇంటర్నెట్ పెట్టెది 12 వోల్టులు 1 యాంపు, అత్తగారి బీపీ మెషిన్‌ది 6 వోల్టులు, పాత ల్యాప్‌టాప్‌ది 19 వోల్టులు, మీ ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిన ఏదో బొమ్మది 9 వోల్టులు. ఈ నాలుగింట్లో ఏది పెట్టొచ్చు, యాంపులు ఎక్కువైతే కీబోర్డు కాలిపోతుందా అని మీ సందేహం.

నాలుగింట్లో ఒక్కటి కూడా పెట్టొద్దు. యాంపులు ఎక్కువైతే కాలదు. కాల్చేవి వేరే ఉన్నాయి, వాటి గురించే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో టేపురికార్డర్ల కాలం నుంచి రిపేరు పని చేస్తున్నాను. బల్ల మీదకి వచ్చే చిన్న సామాన్లలో చాలావాటికి లోపల ఏ జబ్బూ ఉండదు. వేరే అడాప్టర్ గుచ్చడం వల్లే పోయి వస్తాయి. "పిన్ను పట్టింది గదా బాబూ, అందుకే పెట్టీసినాం, ఎలిగి ఆరిపోనాది" అంటారు. పిన్నుకీ లోపలి కరెంటుకీ ఏ సంబంధమూ లేదు. ఒకే సైజు పిన్ను 5 వోల్టుల దానికీ వస్తుంది, 24 వోల్టుల దానికీ వస్తుంది. ఏది దేనికన్నది తేల్చేది సామాను అడుగున ఉన్న చీటీ, అడాప్టర్ వీపు మీద ఉన్న చీటీ. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మీరు కీబోర్డు చీటీ చదివి, బొమ్మతో సహా వివరంగా రాశారు కాబట్టే సమాధానం తేలిగ్గా చెప్పగలుగుతున్నాను.

ముందు ఆ అమెరికా అడాప్టర్ సంగతి. అంకె సరిగ్గా 9 ఉంది కాబట్టి మీ చెయ్యి మొదట దాని మీదకే వెళ్తుంది. అందుకే నాలుగింట్లో అదే ఎక్కువ ప్రమాదం. అడాప్టర్ చీటీ మీద రెండు వరసలుంటాయి. ఒకటి ఇన్‌పుట్, అంటే గోడలోంచి తీసుకునేది. రెండోది అవుట్‌పుట్, అంటే సామానుకి ఇచ్చేది. అందరూ అవుట్‌పుట్ చూసి ఊరుకుంటారు. ఇన్‌పుట్ దగ్గర "100-240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్" అని ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఉత్త "120 వోల్టులు, 60 హెర్ట్‌జ్" అని ఉంటే అది అమెరికా గోడకి మాత్రమే. మన గోడలో 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. పిన్నులు మార్చే చిన్న కన్వర్టర్ ప్లగ్గు ఉందిగా అంటారేమో, అది రేకుల ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజీని తగ్గించదు. చేతికి బరువుగా తగిలే పాత రకం ఇనప కోరు అడాప్టర్‌ని అలా 230లో పెడితే లోపలి చుట్ట కాసేపట్లోనే వేడెక్కి కాలిపోతుంది. కాలేలోపు అవుట్‌పుట్ కూడా దాదాపు రెట్టింపై 9 కాస్తా 17 దాటి వస్తుంది. అడాప్టరూ పోతుంది, కీబోర్డూ పోతుంది. మీ ఆడపడుచు తెచ్చిన దాని ఇన్‌పుట్ వరస ఒకసారి చదవండి. 120 అని ఉంటే, పిల్లలు తెలీక గుచ్చకుండా పిన్ను కోసి పక్కన పెట్టేయండి. 100-240 అని ఉన్నా, ప్లస్ మైనస్, యాంపులు కింద చెప్పినట్టు చూసుకోకుండా పెట్టొద్దు.

దుబాయ్, కువైట్, ఖతార్‌ల నుంచి తెచ్చినవాటితో ఈ భయం లేదు. మన ఉద్దానం వైపు నుంచి ఎందరో అక్కడ పనుల్లో ఉన్నారు, సెలవులకి వచ్చినప్పుడల్లా సామాన్లు తెస్తుంటారు. అక్కడి కరెంటూ 230, 240 వోల్టులే, 50 హెర్ట్‌జే. మూడు పలక పిన్నుల ప్లగ్గు మన బోర్డులో పట్టదు గనక కన్వర్టర్ ఒక్కటి చాలు.

ఇప్పుడు వోల్టులు, యాంపులు. మన ఊళ్లలో నీళ్ల ట్యాంకు ఎత్తు మీద ఉంటుంది. ట్యాంకు ఎంత ఎత్తుంటే కుళాయిలో అంత ఒత్తిడి, అది వోల్టేజీ. ఎత్తు ఎంతన్నది ట్యాంకు కట్టినవాళ్ల చేతిలో ఉంది, కుళాయి చేతిలో లేదు. ట్యాంకులో నీళ్లెన్ని పట్టినా, మీరు కుళాయి ఎంత తిప్పితే అంతే వస్తాయి, బిందెకి కావలసినన్నే పడతాయి. ఆ వాడకం కరెంటు, దాన్ని యాంపుల్లో కొలుస్తాం. అడాప్టర్ మీద రాసిన యాంపులు అది ఇవ్వగల గరిష్ఠం. సామాను తనకి కావలసినంతే లాక్కుంటుంది. ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులు, 850 మిల్లీ యాంపులు. దాని బదులు 9 వోల్టుల 1 యాంపుది పెట్టినా, 2 యాంపులది పెట్టినా కీబోర్డుకి తేడా తెలీదు. పైగా పెద్దది కాస్త చల్లగా, తీరిగ్గా పనిచేస్తుంది. తక్కువ పెడితేనే బాధ. 300 మిల్లీ యాంపుల దాంతో కీబోర్డు ఆన్ అవుతుంది, మెల్లగా వాయిస్తే పలుకుతుంది. వాల్యూమ్ పెంచి రెండు చేతులతో వాయించగానే వోల్టేజీ కూలిపోయి ఆఫై మళ్లీ ఆన్ అవుతుంది. అడాప్టర్ మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది.

వోల్టులు మాత్రం సమానంగా ఉండాలి. ఇంటర్నెట్ పెట్టె 12 వోల్టులు పెడితే ఆ క్షణమే పేలిపోకపోవచ్చు. చాలా కీబోర్డుల్లో స్పీకర్‌ని నడిపే ఐసీకి (చిన్న చిప్పుకి) అడాప్టర్ వోల్టేజీ నేరుగా వెళ్తుంది. అది వారం, పది రోజులు వేడెక్కుతూ పలికి, ఒక రోజు గరగరమని ఆగిపోతుంది. అప్పుడు ఎవరికీ అడాప్టర్ మీద అనుమానం రాదు, "పాతదైపోయింది" అంటారు. ల్యాప్‌టాప్ 19 వోల్టులైతే ఆలస్యం చెయ్యదు. కరెంటుని కాస్త నిలవ ఉంచే లోపలి కెపాసిటర్ 16 వోల్టులదై ఉంటే ఉబ్బి పగులుతుంది. బీపీ మెషిన్ 6 వోల్టులు దేన్నీ కాల్చవు గానీ కీబోర్డు సరిగా లేవదు. అసలు అత్తగారి బీపీ మెషిన్ అడాప్టర్‌ని ఆ మెషిన్ దగ్గర్నుంచి కదిలించకండి. ఒకరి అడాప్టర్ ఇంకొకరి దగ్గరికి తిరగడం మొదలైతే చివరికి ఏది దేనిదో ఎవరికీ గుర్తుండదు. ఆరోగ్యం చూసే పరికరానికి అలా కాకూడదు.

చీటీ చెరిగిపోయిన సామాను వోల్టేజీ కనుక్కోడానికి ఒక దారుంది. సెల్లులు వేసుకునే గది తెరిచి లెక్కపెట్టండి. సెల్లుకి ఒకటిన్నర వోల్టు. నాలుగు పడితే 6, ఆరు పడితే 9, ఎనిమిది పడితే 12. అన్ని సెల్లులూ వరసగా ఒకదాని తర్వాత ఒకటి కలిసి ఉన్నాయని చూసుకుంటే ఈ లెక్క చాలావరకు కుదురుతుంది. ఇందులోనే ఇంకో సంగతి ఉంది. కొత్త ఆల్కలైన్ సెల్లు మొదట్లో 1.6 వోల్టుల దాకా ఇస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది. అంటే ఆరు సెల్లుల కీబోర్డు 9.6 దగ్గర మొదలై 7 చిల్లర దాకా పనిచేసేలా తయారైందన్నమాట. కాబట్టి 9కీ 9.5కీ మధ్య అర వోల్టు గురించి కంగారు పడక్కర్లేదు. 9కీ 12కీ మధ్య మూడు వోల్టులంటే మాత్రం వేరే సంగతి.

ఇక మీ కీబోర్డు విషయంలో అసలు గుచ్చుకునే ముల్లు ప్లస్సూ మైనస్సూ. పిన్నుకి లోపల ఒక రంధ్రం, బయట ఒక గొట్టం ఉంటాయి. ఈ రోజుల్లో దొరికే రౌటర్, సెట్‌టాప్ బాక్స్, కెమెరా, ఎల్‌ఈడీ లైట్ల అడాప్టర్లలో చాలావాటికి లోపల ప్లస్, బయట మైనస్. మీ ఏడీ-5 దీనికి తలకిందులు. లోపల మైనస్, బయట ప్లస్. షాపులో "9 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి" అని మాత్రమే అడిగితే నూటికి తొంభై పాళ్లు నడుమ ప్లస్ ఉన్నదే ఇస్తారు. వోల్టులు సరిపోయాయి, యాంపులు సరిపోయాయి, పిన్ను పట్టింది, కీబోర్డు పోయింది.

ఎందుకిలా తలకిందులుగా చేశారని చాలామంది అడుగుతారు. సెల్లులతో కూడా నడిచే పాత సామాన్లలో అడాప్టర్ పిన్ను పెట్టగానే సెల్లులు వాటంతటవే తెగిపోవాలి. లేకపోతే అడాప్టర్ కరెంటు సెల్లుల్లోకి ఎదురెక్కి అవి కారిపోతాయి. అందుకోసం పిన్ను గుచ్చే చోట, అంటే జాక్ లోపల ఒక చిన్న రేకు ఉంటుంది. పిన్ను లోపలికి వెళ్లగానే పిన్ను బయటి గొట్టం ఆ రేకుని నెట్టేసి సెల్లుల తీగని తెంపుతుంది. తెంపవలసింది సెల్లుల ప్లస్ తీగ. కాబట్టి బయటి గొట్టమే ప్లస్ కావలసి వచ్చింది. ఒక్క రేకుతో పని జరిగిపోయింది. గిటార్ వాళ్లు కాలి కింద పెట్టుకునే ఎఫెక్ట్ పెడల్స్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. కాసియో వాళ్లు తర్వాత మార్చేశారు. కొత్త చిన్న కీబోర్డులకి వచ్చే అడాప్టర్ 9.5 వోల్టులు, నడుమ ప్లస్. యమహా చిన్న కీబోర్డులు ఎక్కువగా 12 వోల్టులు, అవీ నడుమ ప్లస్సే. కాబట్టి "కాసియో అడాప్టర్" అని అడిగి తెచ్చుకున్నా మీకు తప్పుడుది రావచ్చు. కంపెనీ పేరు చెప్పొద్దు, బొమ్మ చూపించండి.

ఇంట్లో వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇది ఒక్క నిమిషం పని. అడాప్టర్‌ని గోడకి పెట్టి కీబోర్డుకి పెట్టకుండా వదిలేయండి. మీటర్ ముల్లుని డీసీ 20 వోల్టుల దగ్గర ఉంచి ఎర్ర తీగ మొన రంధ్రంలో, నల్ల తీగ మొన బయటి గొట్టానికి ఆనించండి. రెండు మొనలూ ఒకదానికొకటి తగలనివ్వొద్దు. అంకె మామూలుగా వస్తే నడుమ ప్లస్. అంకె ముందు గీత వస్తే నడుమ మైనస్. మీకు కావలసింది గీత ఉన్నది. నడుమ ప్లస్ ఉన్న మంచి 9 వోల్టుల అడాప్టరే దొరికితే దాని తీగని మధ్యలో కోసి అటుదిటు మార్చి అతికించొచ్చు. సోల్డరింగ్ చేసి, ఒక్కో తీగకి విడిగా స్లీవ్ (ప్లాస్టిక్ గొట్టం) తొడిగి, మళ్లీ మీటర్‌తో చూడాలి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు, పిల్లల చేతిలో లాగుడుకి ఊడిపోయి ఒకదానికొకటి తగులుతాయి. దగ్గర్లో ఉన్న రేడియో, టీవీ మెకానిక్ ఎవరైనా చేసిపెడతారు.

ఒకవేళ ఇప్పటికే ఎవరో తలకిందుల అడాప్టర్ పెట్టేసి ఉంటే వెంటనే ఆశ వదులుకోవద్దు. కొన్నిట్లో జాక్ వెనకే కరెంటుని ఒక వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి ఉంటుంది. ప్లస్ మైనస్ తారుమారైతే అది ముందు తాను పోయి వెనక ఉన్నవాటిని కాపాడుతుంది. ఆ డయోడ్ రెండు మూడు రూపాయలది.

నా అనుభవంలో ఒక సంగతి చెప్తాను, సంగీతానికి సంబంధించినదే. మా ఊళ్లో మహారాజా సంగీత కళాశాల ఉంది కదా, 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన చోటు, ఘంటసాల గారు చదువుకున్న చోటు. అక్కడ చదివే ఒక అమ్మాయి చాలా ఏళ్ల కిందట ఎలక్ట్రానిక్ తంబుర పెట్టె తెచ్చింది. "అంకుల్, శ్రుతి కలవట్లేదు, గొంతు నాదే తప్పేమో తెలీట్లేదు" అంది. పెట్టె విప్పి చూస్తే అంతా బాగుంది. సెల్లుల మీద వింటే నాదం శుభ్రంగా ఉంది. ఆమె వాడుతున్న అడాప్టర్ పెట్టి విన్నాను. తంబుర నాదం కింద సన్నగా "మ్మ్" అని ఇంకో మోత ఉంది.

అది పాత రకం అడాప్టర్, అప్పట్లో ఎలిమినేటర్ అనేవాళ్లం. లోపల ఒక ఇనప ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్, అంతే. మన 50 హెర్ట్‌జ్ కరెంటు ఆ నాలుగు డయోడ్ల గుండా వెళ్లాక సెకనుకి 100 సార్లు ఎగిసిపడుతుంది. కెపాసిటర్ ఎండిపోతే ఆ 100 హెర్ట్‌జ్ అలానే స్పీకర్‌లోకి వెళ్లి మోతగా వినిపిస్తుంది. ఆ అమ్మాయిది ఐదున్నర శ్రుతి. దాని మంద్ర షడ్జమం, అంటే కింది స్థాయి 'స', 104 హెర్ట్‌జ్‌కి రవ్వంత తక్కువ. మోత 100 దగ్గర. రెండూ పక్కపక్కనే ఉండి సెకనుకి నాలుగు సార్లు కొట్టుకుంటున్నాయి. షడ్జమం మీద నిలబడిన ప్రతిసారీ ఆమె చెవికి ఏదో కిందికి లాగుతున్నట్టు ఉంది. నెలల తరబడి తన గొంతునే అనుమానించుకుంది. అడాప్టర్ మార్చాక మళ్లీ పాడి చూసుకుని, ఏమీ అనకుండా కళ్లు తుడుచుకుంది. మీ పాప సంగీతం నేర్చుకుంటోంది గనక ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. మోత వచ్చే అడాప్టర్‌ని "పనిచేస్తోందిగా" అని సర్దుకోకండి. చిన్న వయసులో చెవి ఏది వింటే దానికే అలవాటు పడుతుంది.

ఆ ఎలిమినేటర్లకి ఇంకో గుణం ఉంది. 9 అని రాసి ఉన్నా లోడు లేకుండా, అంటే ఏ సామానూ తగిలించకుండా కొలిస్తే 12, 13 చూపిస్తాయి. సామాను కరెంటు లాగడం మొదలుపెట్టాకే 9 దగ్గరికి దిగుతాయి. తక్కువ లాగే చిన్న పరికరానికి పెడితే అది పూర్తిగా దిగదు, పరికరం దెబ్బ తింటుంది. ఇప్పటి తేలికపాటి, ఎస్‌ఎంపీఎస్ అనే రకం అడాప్టర్లు లోడు ఉన్నా లేకున్నా రాసిన వోల్టేజీ దగ్గరే నిలబడతాయి. పాత ఇంట్లో దొరికే, బరువుగా తగిలే అడాప్టర్‌ని మీటర్ లేకుండా నమ్మొద్దు. మూడు నుంచి 12 దాకా జరిపే చిన్న స్విచ్చు, ఆరు రకాల పిన్నులు ఉన్న యూనివర్సల్ అడాప్టర్లు కూడా చాలావరకు ఈ కుటుంబమే. ఆ స్విచ్చు పిల్లల వేలు తగిలి 9 నుంచి 12కి జరుగుతుంది, పిన్ను తిప్పి పెడితే ప్లస్ మైనస్ మారిపోతాయి. మా బల్ల మీద పరీక్షలకి పనికొస్తుంది గానీ పాప వాయించే కీబోర్డుకి అది వద్దు.

అవుట్‌పుట్ దగ్గర ఇంకో గుర్తు చూడాలి. ఒక గీత, దాని కింద మూడు చిన్న గీతలు ఉంటే డీసీ. అల లాంటి వంకర గీత ఉంటే ఏసీ. కొన్ని పాత మోడెమ్‌లకీ, కొన్ని సంగీత పరికరాలకీ అడాప్టర్ ఏసీనే పంపేది. ఆ 9 వోల్టులూ 9 వోల్టులే, కానీ ప్లస్ మైనస్ సెకనుకి 100 సార్లు తారుమారవుతుంటాయి. డీసీ సామానుకి అది పనికిరాదు.

పిన్ను సైజు సంగతి త్వరగా చెప్పేస్తాను. బయట 5.5 మిల్లీమీటర్లు ఉన్న పిన్నుల్లోనే రెండు రకాలున్నాయి, లోపలి రంధ్రం 2.1ది, 2.5ది. 2.5 పిన్ను 2.1 జాక్‌లోకి వెళ్తుంది, బయటికి సరిపోయినట్టే ఉంటుంది, లోపలి మొన మాత్రం సరిగా తగలదు. వైరు కదిలితే ఆఫ్, పట్టుకుంటే ఆన్. కీబోర్డుని సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లి పిన్ను పెట్టి చూసుకోవడమే మంచిది, కరెంటు ఇవ్వకుండా.

కొత్తది కొనేటప్పుడు చీటీ మీద బీఐఎస్ (మన దేశపు ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ అని మొదలయ్యే ప్రమాణం అంకె, ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో చూపిస్తుంది. ఇది కాగితం కోసం చెప్పడం లేదు. చవక అడాప్టర్ విప్పి చూస్తే గోడ వైపు 230కీ మన చేతి వైపు 9కీ మధ్య ఉండవలసిన ఎడం ఉండదు, ఫ్యూజు ఉండదు. పాప చెప్పులు లేకుండా నేల మీద కూర్చుని వాయిస్తుంది. ఆ ఎడమే పాపకీ గోడలోని కరెంటుకీ మధ్య ఉన్నది. బీచి పక్కన ఉండేవాళ్లు, కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లు, పిన్ను పచ్చబడిందా అని కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి ఇత్తడి తుప్పు పట్టి, కాంటాక్టు లేక, అడాప్టర్ మంచిదైనా పరికరం ఆగి ఆగి నడుస్తుంది.

ఫోన్ ఛార్జర్‌తో నడపొచ్చా అని ఇంకెవరైనా అడుగుతారేమో. 5ని 9గా పెంచే యూఎస్‌బీ తీగలు దొరుకుతున్నాయి. అవి ఎక్కువగా నడుమ ప్లస్, అంటే మీ కీబోర్డుకి తలకిందులు. పైగా కొన్నిట్లో సన్నటి ఈల లాంటి చప్పుడు స్పీకర్‌లోకి వస్తుంది. టైప్-సీ ఛార్జర్ గురించి మాత్రం భయం అక్కర్లేదు. 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌ని ఫోనుకి పెట్టినా అది మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోను అడిగితేనే 9కి, ల్యాప్‌టాప్ అడిగితేనే 20కి పెరుగుతుంది. పిన్ను పట్టింది కదా అని పెట్టుకోదగినది నాకు తెలిసి ఇదొక్కటే. కొన్ని చవక ట్రిమ్మర్లు, లైట్లు రెండు వైపులా టైప్-సీ ఉన్న తీగతో ఛార్జ్ కావు, పాత పలక యూఎస్‌బీ తీగతో అవుతాయి. వాటిలో తానెవరో ఛార్జర్‌కి చెప్పే రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా వదిలేశారు. ట్రిమ్మర్ పాడవలేదు, తీగ మార్చండి చాలు.

మీ ఇంటర్నెట్ పెట్టె అడాప్టర్ గురించి కూడా ఒక మాట. లైట్లన్నీ వెలుగుతూ వైఫై మాటిమాటికీ పోయి వస్తుంటే, నెట్ వాళ్లకి ఫోన్ చేసే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. ఖాళీగా కొలిస్తే 12 చూపిస్తుంది, అందుకే అందరూ బాగుందనుకుంటారు. నేనైతే మోటారు సైకిల్ ఇండికేటర్ బల్బు ఒకటి తగిలిస్తాను. 12 వోల్టుల 10 వాట్ల బల్బు 0.8 యాంపు దాకా లాగుతుంది. 1 యాంపు అడాప్టర్ మంచిదైతే బల్బు నిలకడగా వెలుగుతుంది, మీటర్ 11.5 పైనే ఉంటుంది. లోపల కెపాసిటర్ ఉబ్బి ఉంటే బల్బు మిణుకుమంటుంది, మీటర్ 9కో 8కో పడిపోతుంది. కొత్త అడాప్టర్ కొన్నాక మీ కీబోర్డుదాన్ని కూడా ఇలాగే చూడమని మెకానిక్‌ని అడగొచ్చు.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది, మీకు చెప్పక్కర్లేదు. మా బంధువుల ఊరు అటువైపే. రోజుల తరబడి కరెంటు లేదు. ట్రాక్టర్ బ్యాటరీకి కారు ఛార్జర్ తగిలించి ఊరందరి ఫోన్లూ ఛార్జ్ చేసుకున్నారు, అది సరైన పద్ధతే. కొందరు బ్యాటరీ 12, పెట్టె 12 అని రౌటర్‌ని నేరుగా తగిలించారు. బ్యాటరీ 12 అంటారు గానీ ఇంజను నడుస్తూ ఛార్జ్ అవుతుంటే 14 దాటుతుంది. కొన్ని పెట్టెలు ఓర్చుకున్నాయి, కొన్ని ఓర్చుకోలేదు. ఆ తర్వాత కరెంటు వచ్చిన రోజు ఇంకో దెబ్బ. మా బంధువుల వీధిలో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగి ఉండగానే కరెంటు వచ్చింది. న్యూట్రల్ పోతే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల్లో కొన్ని ఇళ్లకి ఎక్కువ వాటా వెళ్తుంది. అడాప్టర్ లోపలి పెద్ద కెపాసిటర్ సాధారణంగా 400 వోల్టుల డీసీకి తయారైంది. 230 ఏసీ వచ్చినప్పుడు దాని మీద 325 పడుతుంది, తట్టుకుంటుంది. 300 ఏసీ దాటితే 424 అవుతుంది, ఇక తట్టుకోదు. ఆ వీధిలో ఆ పూట ప్లగ్గులో ఉన్న అడాప్టర్లు టపటపా పేలాయి. పక్కన పీకి పెట్టినవి ఈ రోజుకీ పనిచేస్తున్నాయి. గాలివాన తర్వాత కరెంటు వస్తే, ముందు ఒక బల్బు వేసి దాని వెలుగు మామూలుగా ఉందో లేదో చూసి, కాసేపాగి మిగతావి పెట్టండి.

ఇప్పుడు మీరు చెయ్యవలసింది. ముందు సెల్లుల గది తెరిచి, పాతవి కారి ఆకుపచ్చగా పట్టేసి ఉంటే స్ప్రింగులు శుభ్రం చేసి కొత్తవి వేయండి. అడాప్టర్ దొరికేదాకా పాప సాధన ఆగదు, కీబోర్డు బాగుందో లేదో కూడా తేలిపోతుంది. తర్వాత కీబోర్డు అడుగున ఉన్న ఆ బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. శ్రీకాకుళం వెళ్తే ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులో ఆ ఫోటో చూపించి "డీసీ 9 వోల్టులు, 1 యాంపు లేదా ఆ పైన, నడుమ మైనస్, ఎస్‌ఎంపీఎస్" అని అడగండి. దొరకకపోతే ఏడీ-5కి బదులుగా పనికొచ్చేవి ఆన్‌లైన్‌లో ఉంటాయి. గిటార్ పెడల్ అడాప్టర్లు కూడా 9 వోల్టులు, నడుమ మైనస్సే, అయితే వాటిలో చాలావి చిన్నవి. 850 మిల్లీ యాంపులకి తక్కువ ఉన్నది తీసుకోకండి. కొనే ముందు షాపులోనే మీటర్‌తో కొలిచి, అంకె ముందు గీత చూపించమనండి. ఇంటికి తెచ్చాక ఒక తెల్ల టేపు ముక్క మీద "పాప కీబోర్డు" అని రాసి అడాప్టర్‌కి అంటించండి. మిగతావాటికీ కూడా అలాగే పేర్లు రాయండి.

సెల్లుల మీద పలికి, సరైన అడాప్టర్ మీద పలకకపోతే లోపల జాక్ సోల్డరింగ్ విడిపోయి ఉంటుంది. పాత కీబోర్డుల్లో ఇది మామూలే, పిన్ను లాగీ పెట్టీ విడిపోతుంది. సెల్లుల మీద కూడా పలకకపోతే ఏ లైట్లు వెలుగుతున్నాయో, ఏ చప్పుడు వస్తోందో రాయండి, చూసి చెప్తాను.